మీగడ రంగు కింద

3, సోమవారం

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. పెన్ను తీశాను, మూత పెట్టాను. టీ కాచుకుని తాగాను, కప్పు కడిగాను, కడిగిన కప్పునే ఇంకోసారి కడిగాను. ఇంట్లో కడగడానికి ఇంకేమీ మిగలకపోబట్టి ఈ పుస్తకం ముందు కూర్చున్నాను.

మా ఆవిడ చెల్లెలి ఇంటికి వెళ్లి ఐదు రోజులైంది. మరదలికి మోకాలి నొప్పి, తోడుండడానికి వెళ్లింది. ఇందులో రాయవలసిందేమీ లేదు. రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది.

వచ్చేలోగా ఇల్లు శుభ్రం చేసి పెట్టాలి. కిందటి వారం అత్తయ్య గదికి రంగు వేశాను. మా ఆవిడ ఊళ్లో లేని రెండు రోజుల్లో, ఎవరి సాయమూ లేకుండా. అత్తయ్య పోయి ఎనిమిది నెలలైంది, గది అలాగే పడి ఉంది. ఇరవై ఏళ్ల నాటి ఆకుపచ్చ ఆయిల్ పెయింటు. దాని మీద మంచం పొడుగునా ముసలావిడ బాల్‌పెన్నుతో ఏవేవో గీకిపెట్టింది. ఇప్పుడదంతా మీగడ రంగు. రెండు కోటింగులు. అద్దెకు వచ్చినవాడు చూస్తే కొత్త గది అనుకుంటాడు.

ఇబ్బందల్లా చుక్కలతోనే. నేల పలకల మీద చుక్కలు, కిటికీ అద్దం మీద చుక్కలు, తలుపు గడియ మీద, కుర్చీ చేతుల మీద. తలుపు వెనక మేకుకు వేలాడుతున్న అత్తయ్య శాలువా మీద ఐదు. నలభై ఒక్క ఏళ్లు లాండ్రీలో జనం బట్టల మరకలు తీసినవాణ్ని, ‘మరకల మాస్టారు’ అనిపించుకున్నవాణ్ని. ఆ మాస్టారు రంగు వేస్తే గోడకు పడింది సగం, మిగతా సగం అందరికీ పంచాడు.

మా ఆవిడకు కోపం వచ్చింది ఈ చుక్కల వల్లే అయి ఉంటుంది.

4, మంగళవారం

నేల అయింది. అద్దం అయింది.

ఎమల్షన్ అంటే నీళ్లతో కలిపే రంగు. తడిగా ఉన్నంతసేపూ వట్టి గుడ్డకే పోతుంది. ఎండిందా, రబ్బరు చర్మంలా కరుచుకుంటుంది. దానితో కుస్తీ పట్టకూడదు. గోరువెచ్చటి సబ్బునీళ్లలో గుడ్డ ముంచి, చుక్క మీద పరిచి, పది నిమిషాలు ఆ సంగతే మరచిపోవాలి. ఆ పది నిమిషాల్లో నేను మరచిపోలేనివి వేరే ఉన్నాయి, వాటి మాట ఇప్పుడెందుకు. తరవాత ప్లాస్టిక్ కార్డు అంచుతో తోస్తే చుక్క చుక్కగానే లేచి వస్తుంది. నేను వాడింది గడువు తీరిన నా బస్ పాసు. దాని మీద నా ఫొటో ఉంది, నల్లటి మీసంతో. ఆ మీసాన్ని నేలకేసి రాస్తూ పొద్దంతా గడిపాను.

అద్దానికి మాత్రం బ్లేడు పట్టాలి. ముందు అద్దం బాగా తడపాలి. పొడిగా గీకితే రంగు పోతుంది, గీత ఉండిపోతుంది.

సాయంత్రం ఫోన్ చేశాను. మరదలు తీసింది.

“అక్క స్నానానికి వెళ్లింది బావగారూ.”

“సరే. నీ మోకాలు ఎలా ఉంది?”

“నా మోకాలికేమైంది?” అంది. ఒక్క క్షణం ఆగి, “ఆఁ… పరవాలేదు బావగారూ, పరవాలేదు” అంది.

5, బుధవారం

శాలువా మొదలుపెట్టాను. ముదురు గోధుమరంగు ఉన్ని. దానికింకా అత్తయ్య రాసుకునే నొప్పుల మందు వాసన పోలేదు.

నేను బడికి వెళ్లింది నాలుగో తరగతి వరకే. మిగతా చదువంతా లాండ్రీలో, ఇస్త్రీ బట్టలకు చుట్టే పాత కాగితాల మీద. కథ మంచి పట్టులో ఉండగా ఆ కాగితం ఎవరి చొక్కానో చుట్టుకుని వాళ్లింటికి వెళ్లిపోయేది. అందుకే నాకు సగం కథలు వందలు తెలుసు, ఒక్కదానికీ ముగింపు తెలియదు. ఏం చెప్పబోయాను? ఆఁ, మా ఓనరు.

మా ఓనరుకు ఒక పద్ధతి ఉండేది. మరక బట్ట తెచ్చిన మనిషిని ముందు కుర్చీలో కూర్చోబెట్టేవాడు. “ఏం పడింది? ఎప్పుడు పడింది? ఇంట్లో దానికి మీరేం చేశారు?” ఈ మూడింటికీ జవాబు వస్తే గాని బట్ట ముట్టుకోనిచ్చేవాడు కాదు. మూడోదానికి జనం తప్పకుండా అబద్ధం ఆడతారు. వేణ్నీళ్లు పోసి, బండకేసి బాది, ఇస్త్రీ పెట్టి మరీ తెచ్చి, “మేమేం చేయలేదండీ” అంటారు. ఒకాయన తెల్లకోటు తెచ్చి కాఫీ ఒలికిందన్నాడు. కాఫీకి వేసే మందు వేశాను. మరక నల్లబడి కూర్చుంది. తీరా అది జుట్టుకు వేసుకునే రంగు. “ముందే చెబితే పోయేదండీ” అన్నాను. ఆయన కోటు సంగతి వదిలేసి, చెయ్యెత్తి జుట్టు సర్దుకున్నాడు.

శాలువాకు స్పిరిటే గతి. ముందు అంచు లోపలి మడతలో ఒక బొట్టు వేసి చూశాను, శాలువా రంగు వదలలేదు. తరవాత కింద తెల్లగుడ్డ పరిచి, శాలువాను బోర్లా వేసి, వెనకవైపు నుంచి స్పిరిట్ దూదితో అద్దాను. అద్దాలి, రుద్దకూడదు. రుద్దితే ఉన్ని లేచిపోతుంది. మూడు చుక్కలు పోయాయి.

6, గురువారం

ఫోన్ చేశాను. స్నానం.

8, శనివారం

శాలువా అయిపోయింది. ఆరేసి, మడతపెట్టి, మా ఆవిడ తలగడ మీద పెట్టాను. ఏ లాండ్రీవాడూ వంక పెట్టలేడు.

“శాలువా మీద ఒక్క చుక్క కూడా లేదని మీ అక్కతో చెప్పు” అన్నాను ఫోన్లో.

మరదలు చెప్పింది. స్నానంలో ఉన్న మనిషికి గొంతు ఎత్తకుండా ఎలా చెప్పిందో నాకు తెలియదు. “సరే అంది బావగారూ” అంది.

నాకైతే ఏ గొంతూ వినబడలేదు. లాండ్రీ మిషన్ల పుణ్యమా అని నాకు చెవి కాస్త మందమే. అయినా ఆవిడ గొంతు వినబడనంత మందం కాదు.

ఫోన్ పెట్టేసి గదిలోకి వెళ్లాను. మంచం పక్క గోడ మీద, నడుం ఎత్తున రంగు ధారలా జారి గడ్డకట్టింది. అదొక్కటీ అసహ్యంగా ఉంది. చేతిలో స్పిరిట్ ఎలాగూ ఉంది. దూది ముంచి తుడిచాను. మీగడ రంగు కరిగి వచ్చింది. దాని వెనక దూదికి కొంచెం నీలం వచ్చింది. ఇంకోసారి రుద్దాను.

గోడ పాత రంగు అయి ఉంటుంది.

9, ఆదివారం

గోడ పాత రంగు ఆకుపచ్చ.

10, సోమవారం

ఓనరు పోయి చాలా ఏళ్లయింది. ఉంటే ఇవాళ నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టేవాడు.

ఏం పడింది? మీగడ రంగు ఎమల్షన్, రెండు కోటింగులు.

ఎప్పుడు పడింది? కిందటి నెల ఇరవై నాలుగున, ఇరవై ఐదున.

ఇంట్లో నువ్వేం చేశావు?

మరదలి మోకాలు బాగానే ఉంది. మా ఆవిడ ఇరవై ఆరున మధ్యాహ్నం ఇంటికి వచ్చింది. గది గుమ్మంలో నిలబడింది. లోపలికి వెళ్లి గోడ మీద అరచెయ్యి ఆనించింది.

“ఎండిపోయిందా?” అంది.

“పూర్తిగా” అన్నాను. గొప్పగా అన్నాను.

చేతిలో సంచీ అప్పటికింకా కింద పెట్టలేదు. ఆ సంచీతోనే వెనక్కి వెళ్లిపోయింది. మీగడ రంగు పెచ్చు ఒకటి చెప్పుకు అంటుకుని వీధి చివరిదాకా వెళ్లింది. నేను చూస్తూ ఉన్నాను.

అత్తయ్య గీకినవి గీతలు కావు. రాతలు. చివరి రెండేళ్లు ముసలావిడకు ఏదీ గుర్తుండేది కాదు. గుర్తున్న క్షణంలో గోడ మీద రాసుకునేది. మధ్యాహ్నం పూట మా ఆవిడ పక్కన కూర్చుని, వేలు పెట్టి ఒక్కొక్క ముక్కా చదివి వినిపించేది. తల్లికి పాఠం. ముసలావిడ పోయాక పాఠం ఆగలేదు. ఎనిమిది నెలలు, భోజనం కాగానే ఆ కుర్చీలో గోడకేసి చూస్తూ కూర్చునేది. వంటింట్లోంచి ఏదో ఒక వేళాకోళం ఆడేవాణ్ని, వినే మనిషి ఉండేది కాదు. రెండు కప్పుల టీ పెట్టి రెండూ నేనే తాగేవాణ్ని.

గోడ మీద అసూయ పడ్డ మగవాడి కథ ఏ కాగితం మీదా చదవలేదు. ఆ గోడ లేకపోతే ఆవిడ బయటికి వస్తుందనుకున్నాను. వచ్చింది. గదిలోంచి కాదు, ఇంట్లోంచి.

ఇంకా ఉంది. మొన్న దూదికి వచ్చిన నీలం బాల్‌పెన్ను ఇంకు. చొక్కా జేబుల మీద కారిన ఆ ఇంకును స్పిరిట్‌తోనే తీసేవాణ్ని, కొన్ని వేలసార్లు. నాకు తెలియదంటే నమ్మేవాడెవడు? జానెడు మేర తుడిచేశాను.

రంగును వదిలించేదీ స్పిరిటే, రాతను వదిలించేదీ స్పిరిటే. ఇప్పుడేం చేయాలో నాకు తోచడం లేదు.

11, మంగళవారం

కింది వాటాలో ఉండే రంగుల మేస్త్రిని పిలిచాను. గోడకు గోరు ఆనించి చూశాడు.

“బాబాయ్, ముందు ఉప్పు కాగితం పట్టారా?”

“ఎందుకు?”

“పోనీ ప్రైమరు?”

“అదేమిటి?”

మేస్త్రి స్టూలు మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు. “ఆయిల్ పెయింటు నున్నగా ఉంటుంది బాబాయ్. దాన్ని గరుకు చేయకుండా ఎమల్షన్ వేశారంటే, నూనె రాసుకున్న ఒంటి మీద నీళ్లు పోసుకున్నట్టే. పైపైన ఉంటుందంతే. నా దగ్గర ఎవడైనా ఇలా వేస్తే ఆ పూటే పనిలోంచి తీసేస్తా.”

“అంటే ఊడి వస్తుందా?”

“రాక చస్తుందా? ఒక్క వానాకాలం ఆగండి, అదే పెచ్చులు లేస్తుంది.”

“అన్నాళ్లు ఆగలేను.”

“అయితే స్పిరిట్ కొట్టండి. గంట పని.”

“స్పిరిట్ వద్దు” అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. మేస్త్రి నవ్వు ఆపి, వంగి గోడను ఇంకాస్త దగ్గరగా చూశాడు. మీగడ రంగులోంచి అక్కడక్కడా లేత నీలం నీడలు తేలుతున్నాయి. నేను రెండు రోజులుగా చూస్తూ, కిటికీ వెలుతురనుకుంటున్నాను.

“బాల్‌పెన్నా? అది ఆగదు బాబాయ్. మీరు పది కోటింగులు వేయండి, కిందినుంచి పైకి వస్తూనే ఉంటుంది. బడుల గోడలతో మాకు ఎప్పుడూ ఇదే గోల.” తరవాత నెమ్మదిగా అడిగాడు. “పెద్దావిడ రాసిందా?”

“ఆఁ.”

“పిన్నిగారు ఊళ్లో లేరని మా ఇంట్లో అనుకుంటున్నారు.”

“చెల్లెలికి మోకాలు నొప్పి” అన్నాను.

మేస్త్రి తల ఊపాడు. వెళ్తూ, “అంచు దగ్గర మొదలుపెట్టండి. ఒకేసారి గుంజకండి” అన్నాడు.

పని చెడగొట్టినందుకు సంతోషపడడం నా జన్మలో ఇదే మొదటిసారి.

13, గురువారం

రెండు రోజులకు రెండు అరచేతులంత మేర.

నేలకు చేసిందే గోడకు. తడిగుడ్డ, పది నిమిషాలు, బస్ పాసు. కాకపోతే నేల పలక మీద గుడ్డ దానంతటదే ఉంటుంది, గోడ మీద మనం పట్టుకుని నిలబడాలి. వేడి ఎక్కువైతే రంగు సాగి తెగిపోతుంది. చల్లారితే కదలదు. గోరువెచ్చగా ఉంటేనే అంచు లేస్తుంది. ఆ అంచును రెండు వేళ్లతో పట్టుకుని, పుండు మీది కట్టు విప్పినట్టు ఊపిరి బిగబట్టి లాగాలి. బాల్‌పెన్ను ఇంకు సబ్బునీళ్లకు లొంగదు. ఇన్నాళ్లూ దాన్ని తిట్టుకున్నవాణ్నే, ఇవాళ దణ్ణం పెట్టాను.

కిటికీ వైపు నుంచి మొదలుపెట్టాను. ఆకుపచ్చ మీద నీలం. వంకరటింకర అక్షరాలు, వయసైన చేతివి.

“తల కిటికీ వైపు.”

“నీళ్లు మంచం కింద.”

“మందు వేసుకున్నానా అని ఒక్కసారే అడుగు.”

ఒక్కసారే! పొద్దున్నే తొమ్మిదిసార్లు అడిగేది. నవ్వాను. అందరినీ విసిగిస్తున్నానని ఆవిడకు తెలుసన్నమాట. ఆ తరవాత నవ్వలేకపోయాను.

ఆ రెండేళ్లూ ఆ గదిలోకి టీ తీసుకెళ్లాను. ఒక్క ముక్కా చదవలేదు. నా కంటికది మరక.

14, శుక్రవారం

వేళ్లకు తొక్క లేచింది. ఫోన్ చేయలేదు.

16, ఆదివారం

ఇవాళ నా వంతు వచ్చింది.

“పొట్టిగా ఉన్న ఆయన అల్లుడు. పేరు గుర్తు రాకపోతే నవ్వు, టీ ఇస్తాడు. కేకలేస్తే భయపడకు.” తరవాత రెండు ముక్కలు రంగు పొరతోపాటు లేచి వచ్చేశాయి. పొర తిప్పి చూస్తే వెనకవైపు ఇంకు ఉంది, కాని అక్షరాలు తిరగబడి ఉన్నాయి. గడ్డం గీసుకునే అద్దం తెచ్చి ఎదురుగా పెట్టాను. అద్దంలో తిన్నగా చదివాను. “కోపం కాదు. చెవుడు.”

ఆ పొరను కాగితంలో పెట్టి దాచాను.

ముసలావిడ నన్ను చూస్తే చాలు, నవ్వేది. నేనంటే ఇష్టం అనుకునేవాణ్ని, లాండ్రీలో చెప్పుకుని మురిసేవాణ్ని కూడా. పేరు గుర్తు రాక నవ్విందన్నమాట. నా కేకలకు భయపడి, భయపడకూడదని రాసుకుని, నవ్విందన్నమాట. పేరు గుర్తున్న మనిషి నన్ను చూసి నవ్వి చాలా కాలమైంది. ఆ నవ్వు కోసం ఇప్పుడు ఏ గోడనైనా గోళ్లతో ఒలుస్తాను.

నా ముక్క కింద జానెడు మేర శుభ్రంగా ఉంది. వట్టి ఆకుపచ్చ. నా పనితనం.

17, సోమవారం

పొద్దున ఫోన్ చేశాను.

“అక్క స్నానా…”

“గోడ మీద రాత గురించి అని చెప్పమ్మా” అన్నాను.

ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. తరవాత, “చెప్పండి” అంది మా ఆవిడ.

పంతొమ్మిది రోజులు. ఏమేమో అనుకుని పెట్టుకున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు. గోడకేసి తిరిగి చదవడం మొదలుపెట్టాను. “తల కిటికీ వైపు. నీళ్లు మంచం కింద…”

“నీళ్ల చెంబు” అంది.

“చెంబు అని లేదే. నేను చెరపలేదు, ఒట్టు.”

“అమ్మ రాయలేదు. చదివేటప్పుడు నేనే కలిపేదాన్ని.” కాస్త ఆగి, “ఎలా తీశారు?” అంది.

“బస్ పాసుతో.”

నా ముక్క కూడా చదివాను. చెవుడు దగ్గర ఆవిడ ముక్కులోంచి చిన్న శబ్దం వచ్చింది. నవ్వో కాదో నా చెవికి తెలియలేదు.

“ఇంకొకటి ఉందోయ్” అన్నాను. “దాని కింద జానెడు మేర పోయింది. స్పిరిట్ పెట్టాను.”

“తెలియకా?”

లాండ్రీ కుర్చీలో కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా కళ్లముందు కనబడ్డారు. తెలియక అంటే అయిపోయేది.

“మొదటిసారి ఆలోచించలేదు. దూదికి నీలం వచ్చింది. వచ్చాక ఇంకోసారి రుద్దాను. అది తెలిసే చేశాను.”

ఫోన్ పెట్టేసిందనుకున్నాను. లేదు. అక్కడ అత్తయ్య ఏం రాసిందో, పాఠం చెప్పే గొంతుతో, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

“నా పక్కన కూర్చునేది మా అమ్మ కాదు. నా పెద్దకూతురు. మా అమ్మ అనుకుంటే ఏడుస్తుంది. చూసుకో.”

నేను స్టూలు మీద కూర్చున్నాను.

“ఆ చోట నేను మళ్లీ రాయనా?” అన్నాను.

“మీ చేత్తోనా?” అంది. కోపంగా అనలేదు. “వద్దు. అలాగే ఉండనివ్వండి.” తరవాత, “ఇంకా ఎంత ఉంది?” అని అడిగింది.

“తలగడ వైపు మూరెడు.”

“అది ముట్టుకోకండి” అని ఫోన్ పెట్టేసింది.

18, మంగళవారం

ముట్టుకోలేదు.

19, బుధవారం

ముట్టుకోలేదు. గుమ్మంలో నిలబడి రెండుసార్లు చూశాను. టీ ఒక్క కప్పే పెట్టుకున్నాను.

20, గురువారం

పదకొండింటికి వచ్చింది. సంచీ కింద పెట్టింది. మంచినీళ్లు తాగి, తిన్నగా ఆ గదిలోకి వెళ్లింది. నేను గుమ్మంలోనే ఉండిపోయాను. కిటికీ వైపు నుంచి చదువుకుంటూ వచ్చి, వట్టి ఆకుపచ్చ దగ్గర ఆగి, అరచెయ్యి ఆనించింది. చెయ్యి సరిగ్గా సరిపోయింది.

తరవాత కుర్చీని తలగడ వైపుకు జరుపుకుని చెయ్యి చాపింది. బస్ పాసు ఇచ్చాను. దాని మీద ఫొటో చూసి కొంచెం నవ్వింది. పేరు గుర్తుండే నవ్విందనుకుంటాను.

“గుడ్డ వేడిగా ఉండాలా?” అంది.

“గోరువెచ్చగా” అన్నాను.

నీళ్లు పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను.